గర్భసంచి లోపొర క్యాన్సర్‌కు కీహోల్ ఆపరేషన్ చేయించవచ్చా? అమ్మ విషయంలో సలహా కావాలి

ప్రశ్న – పాకాల కూతురు

అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర ఒక పల్లె. మా అమ్మకు 61 ఏళ్లు. ముట్లు ఆగిపోయి పదేళ్లు దాటింది. సంక్రాంతి తర్వాత రెండుసార్లు కొద్దిగా రక్తం కనిపిస్తే, ఒంట్లో వేడి చేసిందనుకుని మజ్జిగ, సబ్జా నీళ్లు తాగి ఊరుకుందట. మూడోసారి చీరకు మరక అంటినప్పుడు మాత్రమే నాకు చెప్పింది. స్కానింగ్‌లో గర్భసంచి లోపొర మందంగా ఉందన్నారు. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని తేలింది. బయాప్సీ నివేదికలో ఎండోమెట్రియాయిడ్ రకం (లోపొర క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే రకం), గ్రేడ్ 1, అంటే నెమ్మదిగా పెరిగేది అని రాశారు. ఎమ్మారై చూసి, వ్యాధి గర్భసంచి కండరంలోకి సగం లోతు కన్నా తక్కువే వెళ్లిందనీ, బయట ఎక్కడా కనిపించడం లేదనీ చెప్పారు. అమ్మ ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. పన్నెండేళ్లుగా షుగరుకూ బీపీకీ మాత్రలు వాడుతోంది.

ఇప్పుడు మా ఇబ్బంది ఏమిటంటే, ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పారు. మొదట చూపించిన గైనకాలజీ డాక్టరుగారు, క్యాన్సర్ అన్న తర్వాత పొట్ట తెరిచి అంతా చేత్తో తడిమి చూడాల్సిందేనన్నారు. తిరుపతిలో చూపించిన క్యాన్సర్ సర్జన్ మాత్రం, అమ్మ ఒంటితీరుకూ షుగరుకూ కీహోల్ పద్ధతే మేలనీ, నాలుగైదు చిన్న రంధ్రాలతో గర్భసంచిని, రెండు వైపులా అండాశయాలను, అండనాళాలను తీసేయవచ్చనీ అన్నారు. మేము దానికే మొగ్గు చూపుతుండగా మా చిన్నాన్న ఫోనులో ఒక వార్త చూపించాడు. గర్భసంచి క్యాన్సర్‌కు కీహోల్ చేయించుకున్న వాళ్లలో వ్యాధి మళ్లీ ఎక్కువగా వచ్చిందని, మరణాలు కూడా ఎక్కువగా జరిగాయని 2018లో ఒక పెద్ద పరిశోధన తేల్చిందని అందులో ఉంది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. చిన్న కోత అంటే చిన్న వైద్యమేనని, డబ్బు కోసమో ఫ్యాషన్ కోసమో చేస్తున్నారని బంధువులు అంటున్నారు.

అంత పెద్ద గర్భసంచి అర అంగుళం రంధ్రంలోంచి ఎలా బయటికి వస్తుంది? ముక్కలు చేస్తే క్యాన్సర్ చెదిరిపోదా? ఆ 2018 పరిశోధన మా అమ్మకు వర్తిస్తుందా? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా రాయండి.

జవాబు – విశ్రాంత థియేటర్ నర్సు, తిరుపతి

అమ్మా, ముప్పై ఏళ్లకు పైగా ఆపరేషన్ థియేటర్లోనూ ఆడవాళ్ల వార్డులోనూ పనిచేశాను. క్యాన్సర్ మళ్లీ రావడం, రాకపోవడం గురించి డాక్టర్లే చెప్పాలి. కోత గురించి మాత్రం నా కళ్లతో చూసింది చెబుతాను.

బరువు, షుగరు రెండూ ఉన్న మనిషికి బొడ్డు నుంచి కిందికి నిలువు కోత పెడితే, ఆ కోత కింద నాలుగైదు అంగుళాల మందాన కొవ్వు ఉంటుంది. కొవ్వులో రక్తప్రసారం తక్కువ కాబట్టి అది తొందరగా మానదు. ఐదో రోజునో ఆరో రోజునో కుట్టు పక్కన ఎర్రబడి, నీరు కారి, చీము పట్టి, కుట్లు విప్పి రోజూ డ్రెస్సింగ్ చేసిన తల్లులను నేను ఎంతమందిని చూశానో లెక్క చెప్పలేను. ఆపరేషన్ బాగా చేసినా ఇలా జరుగుతుంది. దానివల్ల ఆ తర్వాత పెట్టాల్సిన రేడియేషన్ వెనకబడిన సందర్భాలూ ఉన్నాయి. అదీగాక, నొప్పికి భయపడి మంచం దిగకపోతే కాళ్లలో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంది. క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఆ ప్రమాదం మామూలువాళ్ల కన్నా ఎక్కువ. కీహోల్ చేసిన వాళ్లను మరుసటి రోజు పొద్దున్నే నడిపించేవాళ్లం.

ఒక్క విషయం ముందుగా చెప్పి ఉంచుతాను. పొట్టలోకి గ్యాస్ నింపి చేస్తారు కాబట్టి, మరుసటి రోజు కుడి భుజం మీద గట్టిగా నొప్పి పుడుతుంది. అది గుండె నొప్పేమోనని ఇంటివాళ్లు పరుగెత్తుకొస్తారు. పొట్టకూ ఛాతీకీ మధ్య ఉన్న పొరను ఆ గ్యాస్ రేపడం వల్ల వచ్చే నొప్పి అది. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. అయినా డ్యూటీ నర్సుకు చెప్పకుండా మాత్రం ఉండవద్దు.

జవాబు – గైనిక్ క్యాన్సర్ సర్జన్

మీ చిన్నాన్నగారు చూపించిన వార్త అబద్ధం కాదు. అయితే అది వేరే క్యాన్సర్‌కు సంబంధించినది. ఈ గందరగోళానికి మన భాషలోని వాడుక కూడా ఒక కారణమని నాకు ఓపీలో దాదాపు ప్రతి వారం అనిపిస్తుంది. గర్భసంచి ముఖద్వారంలో, అంటే యోనిలోకి తెరుచుకునే మెడభాగంలో పుట్టే క్యాన్సర్‌ను, గర్భసంచి లోపలి పొరలో పుట్టే క్యాన్సర్‌ను మనం ఒకే మాటతో గర్భసంచి క్యాన్సర్ అనేస్తాం. పత్రికలు కూడా చాలాసార్లు అలాగే రాస్తాయి. కానీ ఈ రెండూ పుట్టే కారణాలు, పాకే దారులు, చేయాల్సిన ఆపరేషన్లు వేరు. మొదటిది ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. మీ అమ్మగారికి వచ్చిన రెండోదాని వెనుక చాలాసార్లు ఈస్ట్రోజన్ హార్మోను ఉంటుంది. ముట్లు ఆగిన తర్వాత ఆ హార్మోను ముఖ్యంగా ఒంట్లోని కొవ్వులో తయారవుతుంది కాబట్టి, ఈ జబ్బుతో వచ్చే వాళ్లలో బరువు, షుగరు, బీపీ తరచుగా కలిసే కనిపిస్తాయి.

2018లో వెలువడిన ఆ పరిశోధన ముఖద్వార క్యాన్సర్ తొలి దశలో ఉన్న 631 మంది స్త్రీల మీద జరిగింది. నాలుగున్నరేళ్ల తర్వాత చూస్తే, పొట్ట తెరిచి ఆపరేషన్ చేసినవాళ్లలో 96.5 శాతం మంది వ్యాధి లేకుండా ఉండగా, కీహోల్ లేదా రోబో పద్ధతిలో చేసినవాళ్లలో 86 శాతం మంది మాత్రమే అలా ఉన్నారు. మరణాలు కూడా ఈ రెండో వైపే ఎక్కువ. మా అందరికీ అది పెద్ద దెబ్బ, ఎందుకంటే అప్పటికి ముఖద్వార క్యాన్సర్‌కు కీహోల్ పద్ధతి చాలాచోట్ల మామూలైపోయింది. ఆ ఫలితం తర్వాత ఆ జబ్బుకు మళ్లీ తెరిచి చేయడమే ప్రామాణిక పద్ధతి అయింది. ముఖద్వారంలో కణితి యోని వైపు బయటపడి ఉంటుంది. గర్భసంచిని కదిలించడానికి కింది నుంచి పెట్టే పరికరం దానికి తగులుతుంది. గ్యాస్ నిండిన పొట్టలోపలే యోని పైభాగాన్ని కోసేటప్పుడు కణాలు చెదిరే అవకాశం ఉంటుంది. ఆ ఫలితానికి కారణాలు ఇవే అయి ఉండవచ్చని అనుమానిస్తున్నారు.

లోపొర క్యాన్సర్‌లో పరిస్థితి వేరు. కణితి మందపాటి కండరపు గోడ లోపల ఉంటుంది. ఈ జబ్బుకు విడిగా పెద్ద పరిశోధనలే జరిగాయి. అమెరికాలో 1996 నుంచి 2005 వరకు 2,616 మంది స్త్రీలను చేర్చుకుని, చీటీ వేసినట్టుగా కొందరిని కీహోల్‌కు, కొందరిని తెరిచి చేసే ఆపరేషన్‌కు పంపి, ఏళ్ల తరబడి వాళ్లను గమనించిన ల్యాప్2 అనే పరిశోధనలో ఐదేళ్లకు బతికి ఉన్నవాళ్ల శాతం రెండు వైపులా 89.8గానే తేలింది. మూడేళ్లలో వ్యాధి తిరిగి వచ్చినవాళ్లు కీహోల్ వైపు 11.4 శాతం, తెరిచిన వైపు 10.2 శాతం. ఆ చిన్న తేడాను దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. కాకపోతే అది బతుకులో తేడాగా మారలేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, హాంకాంగ్‌లలో తొలి దశ వ్యాధి ఉన్న 760 మంది మీద జరిగి 2017లో వెలువడిన లేస్ అనే పరిశోధనలో, నాలుగున్నరేళ్ల తర్వాత వ్యాధి లేకుండా ఉన్నవాళ్లు కీహోల్ వైపు 81.6 శాతం, తెరిచిన వైపు 81.3 శాతం. అందుకే ఈ జబ్బులో ప్రత్యేక శిక్షణ పొందిన సర్జన్లు, వ్యాధి గర్భసంచి దాటనప్పుడు కీహోల్ పద్ధతినే ముందుగా ఆలోచిస్తారు. లోపల తీసేది రెండు పద్ధతుల్లోనూ ఒకటే కాబట్టి, చిన్న కోత చిన్న వైద్యమన్న మాట ఈ ఆపరేషన్‌కు సరిపోదు.

ఇక మీరు అడిగిన రెండో ప్రశ్న చాలా ముఖ్యమైనది. గర్భసంచి పొట్ట మీది రంధ్రాల్లోంచి బయటికి రాదు. ఆ రంధ్రాలు కెమెరాకు, పరికరాలకు మాత్రమే. అండనాళాలను ముందుగా మూసి, చుట్టూ ఉన్న రక్తనాళాలను కాల్చి కోసి, చివరికి గర్భసంచిని చెక్కుచెదరకుండా యోని మార్గంలోంచి బయటికి తీసి, పైన కుట్టేస్తాం. ముక్కలు చేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. ఫైబ్రాయిడ్ గడ్డలను యంత్రంతో తురిమి తీసే పద్ధతి గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లోనే హెచ్చరించింది. ఆ గడ్డల కోసం ఆపరేషన్ చేయించుకునే 350 మందిలో ఒకరికి బయటపడని సార్కోమా అనే కండరపు క్యాన్సర్ ఉండవచ్చని, తురిమితే అది పొట్టంతా చెదురుతుందని దాని అంచనా. కాబట్టి గర్భసంచి యోని మార్గంలో పట్టనంత పెద్దదైతే, దాన్ని సంచిలో పెట్టి చిన్న కోతతో మొత్తంగా తీయాలి, లేదా మొదటి నుంచే తెరిచి చేయాలి. మీ సర్జన్‌ను ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: గర్భసంచి మొత్తంగా బయటికి వస్తుందని మీకు నమ్మకమేనా?

తెరిచి చేయడమే మేలైన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. వ్యాధి గర్భసంచి దాటి పొట్టలోకి పాకి ఉంటే, పాత ఆపరేషన్ల వల్ల పేగులు గట్టిగా అతుక్కుని ఉంటే, గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉంటే నేనూ తెరిచే చేస్తాను. ఈ చివరిది బరువున్నవాళ్లలో బాగా ఆలోచించాల్సిన విషయం. కీహోల్‌లో బల్లను తలవైపు బాగా కిందికి వంచి, పొట్టలో గ్యాస్ నింపి, రెండు మూడు గంటలు అలాగే ఉంచుతాం. అప్పుడు పొట్టలోని బరువంతా ఊపిరితిత్తుల మీద పడుతుంది. మత్తు డాక్టరు ఎకో పరీక్ష, ఊపిరి పరీక్ష అడిగితే అది వృథా ఖర్చని అనుకోవద్దు.

మొదట మీరు చూపించుకున్న డాక్టరుగారిని తప్పు పట్టవద్దని కూడా మనవి. తనకు చేయి తిరిగిన పద్ధతిలో బాగా చేసే సర్జన్, చేయి తిరగని కొత్త పద్ధతిలో చేసే సర్జన్ కన్నా రోగికి మేలు చేస్తారు. సాధారణ గైనకాలజిస్టు కీహోల్‌లో గర్భసంచి తీయగలిగినా, లింఫు గ్రంథులను (క్యాన్సర్ కణాలు పాకేటప్పుడు చేరే చిన్న గ్రంథులను) చూడటం, వ్యాధి దశను నిర్ణయించడం వేరే శిక్షణ. నా అభిప్రాయంలో ఈ జబ్బుకు మొదటి ఆపరేషనే ఆ శిక్షణ ఉన్నవాళ్ల చేతుల్లో జరగాలి. ఒకసారి గర్భసంచి మాత్రమే తీసేసి, పూర్తి నివేదిక వచ్చాక గ్రంథుల కోసం రెండోసారి పొట్టలోకి వెళ్లాల్సి వచ్చిన స్త్రీలు మా దగ్గరికి వస్తూనే ఉంటారు.

జవాబు – పుంగనూరు వాసి

నాకు ఇదే జబ్బు వచ్చి ఆపరేషన్ అయి నాలుగేళ్లు దాటింది. ఎక్కడ చేయించుకున్నానో చెప్పను, ఎందుకంటే వాళ్లు వైద్యం మంచిగానే చేశారు. చెప్పాల్సిన మాట ఒకటి ముందుగా చెప్పలేదు, అంతే.

కీహోల్ అని చెప్పి లోపలికి తీసుకెళ్లారు. మెలకువ వచ్చేసరికి బొడ్డు కింద నుంచి పెద్ద కట్టు ఉంది. తెరిచారంటే వ్యాధి అంతా పాకిపోయి ఉంటుందని, ఇంటివాళ్లు నాకు చెప్పకుండా దాస్తున్నారని అనుకున్నాను. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, అన్నం ముట్టలేదు. మూడో రోజు సర్జన్‌గారు వచ్చి, సిజేరియన్ల వల్ల పేగు అతుక్కుని ఉండటంతో సరిగ్గా కనిపించలేదనీ, గుడ్డిగా ముందుకెళ్లడం కన్నా తెరవడమే క్షేమమని తెరిచామనీ, వ్యాధి గర్భసంచిలోనే ఉందనీ చెప్పారు. ఆ ముక్క ముందు రోజు రాత్రే చెప్పి ఉంటే నాకు ఆ రెండు రోజుల నరకం ఉండేది కాదు. మీ అమ్మగారికి మాత్రం ముందే చెప్పండమ్మా: కళ్లు తెరిచినప్పుడు పెద్ద కట్టు కనిపిస్తే భయపడవద్దని, దాని అర్థం వ్యాధి ముదిరిందని కాదని.

ఇంకొకటి. నాకు రెండు వైపులా గ్రంథులన్నీ తీశారు. దానివల్ల ఎడమ కాలు ఇప్పటికీ సాయంత్రానికి వాస్తుంది, మెట్టెలు బిగుస్తాయి. గట్టి మేజోడు వేసుకుంటాను. గ్రంథుల గురించి కూడా ముందే అడగండి.

జవాబు – గైనిక్ క్యాన్సర్ సర్జన్

పుంగనూరు అమ్మగారు రాసినది మా సర్జన్లందరూ చదవాల్సిన మాట. ల్యాప్2లో కీహోల్‌గా మొదలుపెట్టిన వాటిలో 25.8 శాతం ఆపరేషన్లను మధ్యలో తెరవాల్సి వచ్చింది. అందులో చాలావాటికి కారణం లోపల సరిగ్గా కనిపించకపోవడమే. బరువు పెరిగిన కొద్దీ ఆ అవకాశం పెరిగింది. మీ అమ్మగారి ఎత్తుకూ బరువుకూ లెక్క వేస్తే బీఎంఐ సుమారు 36 వస్తుంది. ఆ పరిశోధనలో బీఎంఐ 34, 35 ఉన్నవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి తెరవాల్సి వచ్చింది. అవి 20 ఏళ్ల కిందటి కెమెరాలు, అప్పటి పరికరాలు. అందరికీ గ్రంథులన్నీ తీసిన రోజులవి. మీ సర్జన్ తన చేతి మీద ఎంతమందికి ఇలా తెరవాల్సి వచ్చిందో చెప్పగలగాలి, చెప్పడానికి వెనకాడకూడదు. తెరవాలన్న నిర్ణయం ఆపరేషన్‌లో ఒక భాగమే.

గ్రంథుల విషయంలో ఇప్పుడు మంచి మార్పు వచ్చింది. ముఖద్వారంలో ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును సూదితో ఎక్కిస్తే, క్యాన్సర్ కణాలు బయలుదేరితే ముందుగా చేరే గ్రంథి ప్రత్యేక కెమెరాలో పచ్చగా వెలుగుతుంది. దాన్ని సెంటినెల్ గ్రంథి అంటాం. కాపలా గ్రంథి అనుకోండి. దాన్ని మాత్రమే తీసి సన్నని పొరలుగా కోసి పరీక్షిస్తే చాలావరకు సరిపోతుంది. 2017లో వెలువడిన ఫైర్స్ అనే పరిశోధనలో, రంగు గ్రంథికి చేరిన స్త్రీలలో గ్రంథులకు పాకిన వ్యాధిని ఈ పద్ధతి 97.2 శాతం సరిగ్గా పట్టుకుంది. ఏ వైపున రంగు చేరకపోతే ఆ వైపు మాత్రం గ్రంథులను పూర్తిగా తీస్తారు. కాళ్ల వాపు బాగా తగ్గే దారి ఇదే. మీ ఆసుపత్రిలో ఆ కెమెరా ఉందో లేదో అడగండి.

రోబో గురించి మీ ఇంట్లో ఎవరైనా అంటే, అది తనంతట తాను ఆపరేషన్ చేయదని చెప్పండి; సర్జనే పక్కన కూర్చుని దాని చేతులను నడిపిస్తారు. బరువు బాగా ఉన్నవాళ్లలో తెరవాల్సిన అవసరం దానితో కొంత తగ్గుతుంది. కానీ రోబో దొరికే దాకా ఆపరేషన్‌ను నెలల తరబడి వాయిదా వేయడం తగదు.

తీసిన గర్భసంచి మీద ఎంఎంఆర్, పీ53 పరీక్షలు (కణితి కణాల్లోని కొన్ని ప్రోటీన్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసేవి) కూడా చేయమని అడగండి. మిగతా నివేదికతో పాటు వాటిని కూడా చూసి, తర్వాత రేడియేషన్ అవసరమా కాదా అన్నది నిర్ణయిస్తారు. ఎంఎంఆర్‌లో తేడా ఉంటే అది కొన్నిసార్లు వంశపారంపర్యంగా వచ్చి పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్ల ముప్పు పెంచే లించ్ సిండ్రోమ్ కావచ్చు. అప్పుడు మీరూ మీ తోబుట్టువులూ పెద్దపేగు పరీక్ష చేయించుకోవాల్సి వస్తుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి – పాకాల కూతురు

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న చిన్నాన్నను కూడా వెంటబెట్టుకుని తిరుపతి వెళ్లాను. ఆ వార్తను సర్జన్‌గారి ముందు పెడితే ఆయన విసుక్కోకుండా ఒక కాగితం మీద గర్భసంచి బొమ్మ గీసి, ముఖద్వారం ఎక్కడ, అమ్మకు వ్యాధి ఉన్న చోటు ఎక్కడ అని చూపించారు. చిన్నాన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దారిలో రైల్లో దాన్ని రెండుసార్లు తీసి చూశాడు. గర్భసంచి పరిమాణం చిన్నదేననీ, మొత్తంగా యోని మార్గంలోంచే వస్తుందనీ, తెరవాల్సి వచ్చే అవకాశం అమ్మ విషయంలో పదిలో ఒకటి ఉండవచ్చనీ, తన ఇష్టం కోసం కీహోల్‌ను పట్టుకుని వేలాడననీ చెప్పారు. పచ్చరంగు కెమెరా ఉందట. ట్యూమర్ బోర్డులో, అంటే వేర్వేరు క్యాన్సర్ డాక్టర్లు కలిసి కూర్చునే సమావేశంలో కూడా అమ్మ కేసు చర్చించారట. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏవి వస్తాయో, వేటికి మేము కట్టాలో ఆరోగ్యమిత్ర దగ్గర రాయించుకున్నాం. వచ్చే వారం చేరమన్నారు.

అమ్మకు రాత్రి అంతా చెప్పాను, పెద్ద కట్టు కనిపిస్తే భయపడవద్దన్న మాటతో సహా. అంతా విని ఒక్కటే అడిగింది: అలిపిరి మెట్లు మళ్లీ ఎప్పుడు ఎక్కవచ్చు అని. పెళ్లయినప్పటి నుంచి ఏటా ఒకసారి కాలినడకన కొండకు వెళ్లే అలవాటు. నర్సమ్మగారూ, ఏమని చెప్పమంటారు?

జవాబు – విశ్రాంత థియేటర్ నర్సు, తిరుపతి

బయట గాట్లు పది రోజుల్లో మానిపోతాయి కాబట్టి అమ్మకు తాను బాగానే ఉన్నానని అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే వస్తుంది. యోని పైభాగంలో లోపల వేసిన కుట్టు కీహోల్ అయినా, తెరిచి చేసినా అంత తొందరగా మానదు. ఎనిమిది వారాల దాకా నీళ్ల బిందె ఎత్తడం, మామిడి గంపలు మోయడం, ముక్కి మలవిసర్జన చేయడం కూడదు. మలబద్ధకం రాకుండా మందు అడిగి తీసుకోండి. ఉన్నట్టుండి ఎక్కువ రక్తం పోయినా, నీరు కారినా, జ్వరం వచ్చినా, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా ఆ రాత్రే ఆసుపత్రికి రావాలి.

ఇంటికి వచ్చిన రోజు నుంచే వాకిట్లో పది నిమిషాలు నడిపించండి, రోజుకు కొంచెం పెంచండి. రెండు నెలల తర్వాత సర్జన్‌గారు లోపలి కుట్టు చూసి సరేనంటే మెట్లు మొదలుపెట్టవచ్చు. రేడియేషన్ పెట్టాల్సి వస్తే ఇంకొంత ఆగాలి. 3,550 మెట్లున్న అలిపిరి దారికన్నా 2,388 మెట్లున్న శ్రీవారి మెట్టు దారి పొట్టిది. మొదటిసారి ఆ దారిన, చల్లటి పొద్దున, చేతిలో సంచి లేకుండా ఎక్కమనండి. షుగరు మాత్ర వేసుకున్నాక ఏదైనా తిని బయలుదేరమనండి.